ముందువరుసను చూసినవాళ్లు

"దేశానికి రాజ్యాంగం ఎట్లాగో, ఫుట్‌బాల్ జట్టుకు ముందువరుస అట్లాగ! అది గట్టిగా ఉంటే తక్కినదంతా దానంతటదే నిలబడుతుంది!"

ఈ మాట అన్నది న్యాయమూర్తి కాదు, సెనేటరూ కాదు. హాలోవే ఊళ్లో పరుపుల దుకాణం నడిపే రాయిస్ టాలిఫర్. అన్న చోటు కాలేజీ మైదానం వెనక గేటు ముందరి కాలిబాట. ఆగస్టు ఉదయం. అప్పటికే చొక్కాలు వీపులకు అంటుకుపోతున్నాయి. ఆయన చేతిలో సగం తిన్న సాసేజి రొట్టె ఉంది. అయినా ఆ మాట గాంభీర్యం ఏమీ తగ్గలేదు.

చుట్టూ మడతకుర్చీల్లో కూర్చున్నవాళ్లు తలలు ఊపారు. ఊళ్లో వీళ్లను గేటు పెద్దలంటారు. హాలోవే కాలేజీ జట్టు పేరు గోండ్రుకప్పలు. ఆడేది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో విసిరే అమెరికా ఫుట్‌బాల్. సెప్టెంబరులో పోటీలు మొదలయ్యే ముందు గోండ్రుకప్పలు ఆగస్టంతా సాధన చేస్తాయి. గేటు పెద్దలు రోజూ వచ్చి చూస్తారు. చూసి, ఆఖరి రోజున తీర్పు చెబుతారు. తీర్పు జట్టు మొత్తం మీద కాదు, ముందువరుస మీద.

ఇందులో ఒక మర్యాద ఉంది. బంతి విసిరేవాణ్ణి చూసి ఈలలు వేయడం, బంతి చంకన పెట్టుకుని పరుగెత్తేవాణ్ణి చూసి గంతులు వేయడం సామాన్యుల పని. ఆ విసిరేవాడి ముందు గోడలా నిలబడి, మీదికొచ్చేవాళ్లను ఆపే అయిదుగురు భారీ మనుషులు ఉంటారు. వాళ్ల చేతికి బంతి రాదు. పేపర్లో పేరు రాదు. అటువంటివాళ్లను చూసి ఆనందించగలిగినవాడే అసలైన రసికుడు! అందుచేత గేటు దగ్గర ఎవరైనా బంతి ఊసెత్తితే మర్నాడు అందరికీ డోనట్లు తేవాలి. అందరి కళ్లూ బంతి వెంటే పోయేవి. అందరి నోళ్లూ ముందువరుస గురించే మాట్లాడేవి. ఇన్నేళ్లలో డోనట్లు తెచ్చినవాడు లేడు.

చివరి కుర్చీలో వెండెల్ స్ట్రౌడ్ కూర్చున్నాడు. ఆ ఊరి హైస్కూల్లో భూగోళం చెబుతాడు. కుర్చీ ఆయనది కాదు, ఆయన భార్య ఒలీటాది. ఇరవై ఏళ్లకు దగ్గరగా ఆమె ప్రతి ఆగస్టులోనూ అదే చోట కూర్చుంది. మార్చిలో పోయింది.

ఆయన వచ్చింది ముందువరుస కోసం కాదు. బడిలోనూ, చర్చిలోనూ, మందుల షాపులోనూ అందరూ ఒలీటా పేరు ఎత్తకుండా జాగ్రత్త పడుతున్నారు. ఆయన కనబడగానే మాట మార్చి ఎండ గురించి మాట్లాడతారు. గేటు దగ్గర అట్లా కాదు. "ఒలీటా ఉంటే ఈ మాట ఒప్పుకోదు" అంటాడు పళ్ల డాక్టరు హాయ్ట్ బ్రన్సన్. "ఒలీటా అయితే ఇంకోరకంగా చెప్పేది" అంటుంది కోర్టు గుమాస్తాగా చేసి రిటైరైన డెలోరిస్ పఫ్. రోజుకు నాలుగైదుసార్లు ఆ పేరు ఎవరో ఒకరి నోట పలుకుతుంది. దానికోసం ఆయన ఎంత ఎండకైనా సిద్ధమే.

కానీ చోటు ఊరికే రాదు.

"మేష్టారూ," అన్నాడు రాయిస్ మొదటిరోజే, చేతులు తుడుచుకుంటూ. "భార్య కుర్చీ భర్తకు రావటం మన ఆనవాయితీయే. కాదనను. కానీ తీర్పు రోజున నోరు విప్పి ఒక అభిప్రాయం చెప్పాలి. ఊరికే వచ్చి కూర్చోవటానికి ఇదేమన్నా బస్టాపా? అదిగో, మా బావమరిది గస్ ఎప్పట్నుంచో కాచుక్కూచున్నాడు."

రోడ్డుకు అవతల పికప్ బండిలోంచి గస్ చెయ్యి ఊపాడు. ఒళ్లో కొత్త మడతకుర్చీ, ఇంకా అట్ట విప్పనిది.

"నాకు తెలియనిదాని మీద అభిప్రాయం ఎట్లా చెప్పను, రాయిస్?"

"ముందు చెప్పటం మొదలుపెట్టండి మేష్టారూ," అంది డెలోరిస్ దయగా. "తెలియటం దానంతటదే వస్తుంది."

ఆ ఏడు కొత్త కోచ్ వచ్చాడు. ఆయనకు గూఢచారుల భయం ఎక్కువ. మైదానం చుట్టూ ఎత్తయిన ఆకుపచ్చ తెర కట్టించాడు. ఆటగాళ్ల చొక్కాల మీద అంకెలు తీసేయించాడు. అంకెను చెమటోడ్చి సంపాదించుకోవాలట! గేటుకు కూడా తెర కట్టబోతే అగ్నిమాపక శాఖవారు వచ్చి, అత్యవసర ద్వారమునకు ఏ విధమైన వస్త్రమూ కట్టరాదని ఆజ్ఞాపించారు. ఆ విధంగా హాలోవేలో ప్రజాస్వామ్యం బతికింది. గేటు చువ్వల్లోంచి మైదానంలో ఒక మూల కనిపిస్తుంది. ఆ మూలలో తెల్లచొక్కాల భారీ మనుషులు కొందరు, మెత్తలు కట్టిన ఇనుపబండి ఒకదాన్ని రోజంతా తోస్తూ ఉంటారు.

తెల్లచొక్కాలంటే ముందువరుసే. ఏ జట్టులోనైనా రెండు సగాలుంటాయి. బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడేది ఒక సగం. అవతలివాళ్ల చేతిలో ఉన్నప్పుడు వాళ్ల మీద పడేది ఇంకో సగం. సాధనలో మొదటి సగానికి తెలుపు, రెండో సగానికి ఆకుపచ్చ. హాలోవేలో ఇది తొట్టెలో పిల్లకు కూడా తెలుసు.

పైగా బంతి అసలు కనబడదు. కళ్లు దారి తప్పే ప్రమాదమే లేదు. ఇంత పవిత్రమైన ఆగస్టు గేటు పెద్దలు ఎన్నడూ ఎరగరు.

"నడుం! నడుం చూడండయ్యా!" అన్నాడు రాయిస్. పరుపుల వ్యాపారి కాబట్టి లోకంలో ప్రతి సమస్యా ఆయనకు నడుం దగ్గరే మొదలవుతుంది. "ఆ చివరివాడి నడుం దిగటం లేదు."

"నడుం దిగకపోవటానికి కారణం దవడ," అన్నాడు హాయ్ట్. "హెల్మెట్ లోపల దవడ బిగించటం లేదు వాడు. నాకిక్కణ్ణుంచే తెలుస్తోంది."

"మధ్యవాడు వాయిదాలేస్తున్నాడు," అంది డెలోరిస్. "తోస్తాడా, తొయ్యడా? తేల్చడేం?"

"ఒలీటా ఉంటే వీణ్ణి ఒప్పుకోదు."

"ఒలీటా ససేమిరా ఒప్పుకోదు!"

వెండెల్‌కు ఆ పేరు రెండుసార్లు వినబడినట్టయింది. ఫ్లాస్కులోంచి తీపి టీ పోసి అందరికీ ఇచ్చాడు.

ఆయనకు చేతనైన పని ఒకటే, ఎదురుగా ఉన్నదాన్ని చూడటం. అందుకని చూశాడు. రెండోవారంలో ఒకరోజు ఆయన మెల్లగా అడిగాడు.

"వీళ్లు ఒక్కసారి కూడా వెనక్కి అడుగెయ్యరేం?"

"వెనక్కెందుకు?" అన్నాడు రాయిస్.

"ఒలీటా ఇంట్లో అంట్లు తోముతూ చెప్పేది. ముందువరుసవాడి విద్యంతా వెనక్కి నడవటంలోనే ఉందని. ఎదుటివాణ్ణి ఆపుతూ, బంతి విసిరేవాడికి చోటు విడుస్తూ, చిన్న చిన్న అడుగుల్తో..."

"డోనట్లు!" అని అరిచింది డెలోరిస్.

మర్నాడు వెండెల్ డోనట్లు తెచ్చాడు. గేటు చరిత్రలో మొదటి జరిమానా! కానీ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. రాయిస్ అది రాత్రంతా నమిలాడు కాబోలు, పెట్టె తెరవకముందే లేచి నిలబడ్డాడు.

"మేష్టారి ప్రశ్నకు సమాధానం దొరికింది. వీళ్లెందుకు వెనక్కి అడుగెయ్యరు? ఎందుకంటే కొత్త కోచ్ వెనకడుగును రద్దు చేశాడు! ఇది విప్లవం! మీదికొచ్చేవాణ్ణి మనం ఆపేదేమిటి? వాడిమీదికి మనమే పోతాం!"

"నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడు హాయ్ట్, నోటినిండా డోనట్‌తో.

ఆ సాయంత్రమే ఊరి రేడియోలో రాయిస్ మాట్లాడాడు. వారం తిరిగేసరికి హాలోవేలో వెనకడుగనే మాట తిట్టుతో సమానమైంది. ఆదివారం పాస్టరుగారు దాని మీద ప్రసంగం చేసి, మధ్యలో వేదిక అంచు మర్చిపోయి ముందుకు నడిచి కిందపడ్డారు. జనం కోపానికి జడిసి మానేసిన చెత్తపన్నును పురపాలక సంఘం మళ్లీ తెచ్చి, వెనక్కి తగ్గేది లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. పరుపుల దుకాణం మీద 'వెనకడుగు లేని నిద్ర!' అని బోర్డు వెలిసింది. దాని అర్థం ఎవరికీ తెలియలేదు గానీ పరుపులు మాత్రం అమ్ముడుపోయాయి.

తీర్పు సోమవారం. దాని ముందు శనివారం స్టేడియంలో అభిమానుల పండగ. ఆటగాళ్లు బల్లల వెనక కూర్చుని అడిగినవాళ్లకు సంతకాలు పెడతారు. గేటు పెద్దలు ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. వెండెల్ వాళ్ల వెనక నడిచాడు. ఒక బల్ల దగ్గర కొండలాంటి కుర్రాడు కుర్చీ చాలక రెండు కుర్చీల మీద కూర్చుని ఉన్నాడు. పేరు మలాకై ఫిఫీటా. ఇనుపబండి తోసే ఆ ఒడ్డూ పొడుగూ ఇంకెవరికీ ఉండవు.

"బాబూ!" అన్నాడు రాయిస్, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని. "నీ పని మొదటిరోజు నుంచీ గేటులోంచి చూస్తున్నాం. మొదట్లో నీ నడుం దిగేది కాదు. నొచ్చుకోకు, ఉన్నమాట చెబుతున్నా. ఇప్పుడు చూడు! ఈ ఏడు మన బంతి విసిరేవాడి చొక్కాకు మట్టి అంటదు, నీ ధర్మమా అని!"

"థాంక్యూ సార్." కుర్రాడు కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "కాని సార్, వాణ్ణి మట్టిలో పడెయ్యటమే నా పని."

"ఎవణ్ణి?"

"బంతి విసిరేవాణ్ణి. మనవాణ్ణి కాదులెండి, అవతలి జట్టువాణ్ణి. నేను ఎదురువరుస సార్. ఆ బండి తోసేవాళ్లం అందరం ఎదురువరుసే."

"మరి... తెల్లచొక్కాలు?"

"కొత్త కోచ్ వచ్చాక రంగులు తారుమారు చేశారండి. ముందువరుసవాళ్లది ఆకుపచ్చ. వాళ్లు అవతలి మూల, తెర వెనక చేస్తారు. వాళ్లను ఇంతవరకూ ఎవరూ చూడలేదు, పాపం."

రాయిస్ టోపీ తీసి దాని మీద సంతకం పెట్టించుకున్నాడు. అంతదూరం వచ్చాక ఏదో ఒకటి పట్టుకెళ్లాలి కదా!

సోమవారం ఉదయం గేటు దగ్గర కుర్చీలు లేవు. వెండెల్ చుట్టూ తిరిగి వెళ్లి చూస్తే, మైదానానికి అవతలి మూల, ఆకుపచ్చ తెరకు ఎదురుగా వరసగా వేసి ఉన్నాయి. అందరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తెరను చూస్తున్నారు. వెనకాల గస్ నిలబడి ఉన్నాడు. ఈసారి కుర్చీ అట్ట విప్పి తెచ్చాడు.

"రండి మేష్టారూ, మీ చోటు ఉంచాం," అన్నాడు రాయిస్. "శనివారం సంగతి మనసులో పెట్టుకోకండి. ఎదురువరుసను తెలుసుకోకుండా ముందువరుసను అంచనా కట్టినవాడు ఎవడూ లేడు. ఇన్ని వారాలు మనం పునాది వేశాం. అంతే!"

"పొరపాటు జరిగినట్టు ఎక్కడా నమోదు కాలేదు," అంది డెలోరిస్.

తెర వెనక ఈల మోగింది. ధబ్బుమని చప్పుడైంది. ఎవరో మూలిగారు.

"విన్నారా? నడుం దిగినప్పుడు వచ్చే చప్పుడది," అన్నాడు రాయిస్.

"దవడ కూడా," అన్నాడు హాయ్ట్ కళ్లు మూసుకుని.

నిజానికి ఇంత సుఖమైన చోటు వాళ్లకు ఎన్నడూ దొరకలేదు. కాదనటానికి ఇక్కడ ఏ కుర్రాడూ లేడు. తీర్పు మొదలైంది. హాయ్ట్ చెప్పాడు. డెలోరిస్ చెప్పింది. వెండెల్ వంతు వచ్చింది. గస్ ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

వెండెల్ తెరను జాగ్రత్తగా, ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. అబద్ధం చెబితే కుర్చీ దక్కుతుంది. అది ఆయనకు తెలుసు. నోరు తెరిచాడు కూడా.

"నాకు తెర కనబడుతోంది," అన్నాడు. "ఇంకేమీ కనబడటం లేదు."

 రాయిస్ తొడ చరిచాడు.

"భేష్! విన్నారా? మంచి ముందువరుస కనబడకూడదు! కనబడిందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే! ఇన్నేళ్లలో ఇంత లోతైన మాట ఈ మండలిలో ఎవరూ అనలేదు. రేడియోలో ఈ మాటే చెబుతా. కుర్చీ మీదే మేష్టారూ, శాశ్వతంగా!"

గస్ మొహం వాడిపోయింది. డెలోరిస్ చెయ్యి చాచి వెండెల్ చెయ్యి తట్టింది. "ఒలీటా ఉంటే ఇదే మాట అనేది."

వెండెల్ ఆమెవైపు తిరిగాడు.

"అనదు, డెలోరిస్. ఏమనేదో చెప్పండి. ఇన్నేళ్లు మీ పక్కనే కూర్చుంది కదా. ఆమె అన్న మాట ఏదైనా, ఒక్కటి." కోపంగా అడగలేదు. దాహమైనవాడు మంచినీళ్లు అడిగినట్టు అడిగాడు.

డెలోరిస్ ఆలోచించింది. "చాలా గట్టిగా చెప్పేది," అంది.

"ఏం చెప్పేది?"

"ముందువరుస గురించే."

ఆయన రాయిస్‌ను చూశాడు. రాయిస్ గొంతు సవరించుకున్నాడు. "మేష్టారూ, మాటలదేముంది, ఆ మనిషి హుందాతనం..." అని ఆగిపోయాడు. చివరికి హాయ్ట్ నేల చూస్తూ, ఇన్నేళ్ల గేటు కాపలాలో మొదటిసారి తనకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాడు.

"ఏం చెయ్యమంటారండీ. ఆమె ఎప్పుడు నోరు విప్పినా, సరిగ్గా అప్పుడే అక్కడెవడో బంతి విసిరేవాడు, మా ధ్యాస అటు పోయేది."

 తెర వెనక ఈల మళ్లీ మోగింది.

వెండెల్ లేచాడు. కుర్చీ మడిచి, దాని గుడ్డ మీది దుమ్ము అరచేత్తో దులిపి, చంకన పెట్టుకున్నాడు. ఖాళీ అయిన చోటు గస్‌కు చూపించాడు.

"రండి, కూర్చోండి. ఇక్కణ్ణుంచి బాగా కనబడుతుంది."

గస్ రెండోసారి చెప్పించుకోలేదు. కుర్చీ వేసుకుని, టోపీ నుదుటి మీదికి లాక్కుని, తెరవైపు కళ్లు చికిలించి చూశాడు. వెండెల్ ఇంకా కారు దగ్గరికి చేరలేదు, వెనకనుంచి గస్ గొంతు వినబడింది.

"ఎడమ చివరివాడు కాస్త ఒళ్లు చేశాడు కదూ, బావా?"

"కాస్తేమిటి!" అన్నాడు రాయిస్ విచారంగా.