వెనక్కి తిరిగిన సీటు

ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. ఏడాదిన్నర పిల్లకి టీకా వేయించాలి. తల్లి బడిలో పాఠాలు ముగించుకుని నేరుగా ఆసుపత్రికి వస్తుంది. తండ్రి పిల్లని టాక్సీలో తీసుకొస్తాడు. అమ్మమ్మ తోడుంటుంది. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. పిల్ల తండ్రి మాత్రం అలా అనుకునే మనిషి కాదు. ఏది ఎక్కడ చెడిపోతుందో ముందే ఊహించడం ఆయన ఉద్యోగం.

ఆయన లిఫ్టులు తనిఖీ చేస్తాడు. తాళ్ళు చూసి, బ్రేకులు చూసి, లోపల ఇనుప దిమ్మలు పేర్చి పైకీ కిందికీ పంపి, అంతా సవ్యంగా ఉందని తేలాకే మనుషుల్ని ఎక్కనిస్తాడు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని లిఫ్టాయన అంటారు. ఆయన కాపురం మాత్రం లిఫ్టు లేని ఇంటి మూడో అంతస్తులో. ఎవరైనా నవ్వుతూ ఆ సంగతి ఎత్తితే ఆయన నవ్వడు. "మెట్లకి తాళ్ళు తెగవండీ" అంటాడు.

పిల్లని ఇంట్లో పిట్ట అని పిలుస్తారు. పిట్ట కోసం లిఫ్టాయన తెచ్చిన కారు సీటు ఎత్తుగా, బరువుగా, చిన్నపాటి సింహాసనంలా ఉంటుంది. దాన్ని కారు వెనక సీటు మీద, పిల్ల ముఖం వెనకవైపుకి ఉండేలా బిగించాలి. ఈ సీటు విషయంలో ఆయనకీ అత్తగారికీ అది వచ్చిన రోజు నుంచీ పడటం లేదు.

"సొంత కారు లేనివాళ్ళకి కారు సీటెందుకు అల్లుడుగారూ?" అని ఆవిడ ఆ ఉదయం కూడా మొదలుపెట్టింది.

"టాక్సీ కూడా కారే అత్తయ్యా. గుద్దుకునేటప్పుడు అది సొంతదా, అద్దెదా అని గోడ అడగదు."

"శుభమా అని బయల్దేరుతుంటే గోడలూ గుద్దుకోవడాలూ ఏమిటండీ! నా కూతుర్ని ఒళ్ళో పెట్టుకునే ఊళ్ళన్నీ తిప్పాను. దానికేమైంది? పసిపిల్లని అలా కట్టిపడేస్తే చూడటానికి నాకే ఊపిరాడటం లేదు."

"ఒళ్ళో ఉన్నంతసేపూ బాగానే ఉంటుందత్తయ్యా. బ్రేకు పడ్డప్పుడు ఒళ్ళో ఉండదు."

"నా చేతుల్లోంచి ఇంతవరకూ ఎవరూ జారలేదు" అంటూ ఆవిడ పిట్టకి లావుపాటి ఊలు స్వెటర్ తొడిగింది. టోపీతో సహా ఉన్న ఎర్రటి స్వెటర్ అది.

లిఫ్టాయన దాన్ని మెల్లగా విప్పేశాడు. లావు బట్టల మీద పట్టీలు బిగిస్తే బిగిసేది బట్టలే కానీ పిల్ల కాదని చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. నమ్మించడానికి ఆయన పిట్ట ఆడుకునే పెద్ద ఎలుగుబంటి బొమ్మని తెచ్చి, కడుపు దగ్గరి జిప్పు తీసి, బరువు కోసం లోపల చక్కెర సంచి దూర్చి, ఆ స్వెటర్ తొడిగి, టోపీ పెట్టి సీటులో కూర్చోబెట్టాడు. పట్టీలు బిగించాడు. తర్వాత ఒక్క గుంజు గుంజేసరికి స్వెటర్ సీటులోనే ఉంది, ఎలుగుబంటి సగం బయటికొచ్చింది.

"అది ఎలుగుబంటి" అంది అత్తగారు. "దానికి పట్టుకోవడం తెలియదు."

ఇంతలో కింద టాక్సీ హారన్ మోగింది. లిఫ్టాయన సీటునీ, బొమ్మనీ, పాలసీసా, తువ్వాలు, తన ఫోను ఉన్న సంచినీ మోసుకుని ముందు దిగాడు. మనుషుల కంటే ముందు బరువు ఎక్కాలన్నది ఆయన పద్ధతి. టాక్సీలో సీటు బిగించి, ఎలుగుబంటిని కూర్చోబెట్టి అన్నీ సరిచూసుకుంటే, అప్పుడు పిట్టని తీసుకురావచ్చు.

డ్రైవరు నెమ్మదస్తుడు. కారు దిగకుండా ముందే కూర్చుని, "కానీండి సార్, కంగారేం లేదు" అన్నాడు. లిఫ్టాయన వెనక తలుపు తీసి, మోకాలు ఆనించి, కారు బెల్టుని సీటు వెనకనుంచి లాగి, చెమటలు కక్కుతూ బిగించాడు. ఎలుగుబంటిని కూర్చోబెట్టి పట్టీలు పెట్టాడు. పక్కన సంచి పెట్టాడు. సీటుని అటూ ఇటూ ఊపాడు. కదల్లేదు. తలుపు వేసి, లిఫ్టు గోడని తట్టే అలవాటు చొప్పున కారు పైకప్పుని అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

సరిగ్గా అప్పుడే పైనుంచి అత్తగారు తొంగిచూసి అరిచింది. "పిల్ల మళ్ళీ తడిపింది! మార్చి తీసుకురానా?"

"ఆఁ, కానివ్వండి! త్వరగా కానివ్వండి!" అని ఆయన తలెత్తి గట్టిగా అరిచాడు.

డ్రైవరు చెవిలో అది "పోనివ్వండి" అని పడింది. తలుపు మూసుకుంది, పైకప్పు మీద రెండు దెబ్బలు పడ్డాయి, పోనివ్వమన్నారు. ఇంకేం కావాలి? అద్దంలో చూశాడు. ఎత్తైన సీటు వీపు, దాని అంచున ఎర్ర టోపీ కొస కనిపించాయి. తండ్రి దాని వెనక ఒదిగి కూర్చున్నాడనుకున్నాడు. పోనిచ్చాడు.

లిఫ్టాయన కిందికి చూసేసరికి కారు లేదు.

"ఆగండి! వెనక సీట్లో... ఆగండీ!" అని వీధి చివరిదాకా పరుగెత్తాడు. ఆయన అలా పరుగెత్తడం ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కింది వాటాలో బట్టలు కుట్టే దర్జీ ఆవిడ చూసింది. ఆ ఎర్ర స్వెటర్‌కి ఊడిన గుండీలు కుట్టింది ఆవిడే. ఇందాక కిటికీలోంచి ఆ స్వెటర్ కారెక్కడం చూసింది, ఇప్పుడు ఆ కారు వెళ్ళిపోవడం, తండ్రి వెంటపడటం చూసింది. చేతిలో కత్తెర అక్కడే పడేసి ఫోను అందుకుంది.

లిఫ్టాయన రొప్పుతూ వెనక్కి నడిచాడు. కాస్త ఊపిరి తీసుకున్నాక ఆలోచిస్తే అంత ప్రమాదమేమీ కనిపించలేదు. టాక్సీ ఆసుపత్రికే వెళ్తుంది. అక్కడ డ్రైవరు తలుపు తీస్తాడు, సంగతి తెలుస్తుంది, తిరిగొస్తాడు. ఆయన గుమ్మం దగ్గరికొచ్చేసరికి దర్జీ ఆవిడ ఏడుస్తూ ఎదురొచ్చింది.

"భయపడకు తమ్ముడూ! పోలీసులకి చెప్పేశాను. పిల్లని ఎత్తుకుపోయాడని కారు రంగు, స్వెటర్ రంగు అన్నీ చెప్పాను. మీ ఆవిడక్కూడా ఫోన్ చేశాను."

"అక్కా, పిల్ల పైనే ఉంది."

"ఆఁ?"

"వెళ్ళింది ఎలుగుబంటి."

దర్జీ ఆవిడ ఆయన ముఖంలోకి జాలిగా చూసింది. దెబ్బకి మతి చలించిందనుకుంది. ఇంతలో పిట్టని చంకనెత్తుకుని అత్తగారు మెట్లు దిగి, "టాక్సీ ఏదీ?" అంది. అప్పుడు దర్జీ ఆవిడ మెట్ల మీదే కూలబడింది.

పోలీసులకి మళ్ళీ ఫోన్ చేస్తే చాలాసేపటికి కానీ లైను కలవలేదు. పిల్ల దొరికిందంటే అవతలివాళ్ళు సంతోషించారే కానీ వదల్లేదు. టాక్సీని ఆసుపత్రి గేటు దగ్గరే పట్టుకున్నారట. డ్రైవరు స్టేషన్లో ఉన్నాడు. పిల్లని కళ్ళారా చూసేదాకా అతన్ని పంపరు. పిల్ల తల్లి బడి నుంచి స్టేషన్‌కి బయల్దేరింది. ఆమె ఫోను మోగుతోంది కానీ ఎత్తడం లేదు.

లిఫ్టాయన తల పట్టుకున్నాడు. ఏ పాపం ఎరగని మనిషి పిల్లల దొంగగా కూర్చుని ఉన్నాడు. భార్య ఏ స్థితిలో ఉందో తెలియదు. స్టేషన్ నడిచి వెళ్ళేంత దగ్గర కాదు. దర్జీ ఆవిడ పాత కారు ఎదురుగా ఉంది. సీటు మాత్రం స్టేషన్లో ఉంది.

"ఇంకా ఏం ఆలోచిస్తారు? ఒళ్ళో పెట్టుకోండి" అంది అత్తగారు. "ఒక్కసారికి ఏమీ కాదు."

ఏ భవనంలో ఏ యజమాని ఆ మాట అన్నా ఆయన లిఫ్టుకి తాళం వేసి వచ్చేవాడు. ఇప్పుడు తనే వెళ్ళి కారెక్కాడు. తన బెల్టు తను పెట్టుకుని, పిట్టని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ చుట్టూ పెనవేశాడు. అత్తగారు పక్కన కూర్చుని, "చూశారా, ఎంత హాయిగా ఉందో" అంది.

దర్జీ ఆవిడ జోరుగా ఏమీ నడపలేదు. రెండు వీధులు దాటాక ఎక్కడినుంచో కుక్కపిల్ల ఒకటి అడ్డమొచ్చింది. ఆవిడ బ్రేకు తొక్కింది.

పిట్ట తండ్రి చేతుల్లోంచి తడిసిన సబ్బులా జారిపోయింది. ఆయన చేతులు పెనవేసినవి పెనవేసినట్టే ఉన్నాయి, వాటి మధ్య పిల్ల లేదు. ముందు సీటు వీపుకి ముఖం కొట్టుకుని, ఆయన కాళ్ళ దగ్గర పడింది. పట్టుకుందామని చాపిన అత్తగారి చెయ్యి అంతా అయ్యాక గాలిని పట్టుకుంది.

తర్వాత పిట్ట గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినబడ్డాకే లిఫ్టాయనకి ఊపిరి వచ్చింది. పై పెదవి చిట్లింది, అంతే. ఇంకే దెబ్బా లేదు. కుక్కపిల్ల తోకాడించుకుంటూ వెళ్ళిపోయింది. మిగతా దారంతా దర్జీ ఆవిడ పెళ్ళినడక నడిపింది. అత్తగారు తన రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చుంది.

స్టేషన్లో డ్రైవరు బల్ల మీద బిగుసుకుపోయి ఉన్నాడు. పక్కన సీటు, సీటులో కట్టినది కట్టినట్టే ఎలుగుబంటి. దాని కడుపులోంచి చక్కెర సన్నగా కారుతోంది. పోలీసు అధికారిణి దాన్ని వేలికి అంటించుకుని అనుమానంగా వాసన చూస్తోంది.

"చక్కెరండీ" అన్నాడు లిఫ్టాయన.

"అందరూ అలాగే చెప్తారు" అందామె.

పిట్టని చూడగానే డ్రైవరు లేచి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "సార్, దారి పొడుగునా మీతో మాట్లాడుతూనే ఉన్నాను. మా అమ్మాయి చదువు గురించీ, నా నడుంనొప్పి గురించీ అంతా చెప్పుకున్నాను. ఇంత ఓపిగ్గా వినేవాళ్ళు దొరకరు అనుకున్నాను. తీరా తలుపు తీస్తే మీరు లేరు. పాప కదలడం లేదు. టోపీ తీస్తే ముఖమంతా జుట్టు. నా ప్రాణం పోయిందనుకోండి."

లిఫ్టాయన క్షమించమని అతని చేతులు పట్టుకున్నాడు. అంతలో భార్య సుద్దపొడి అంటిన చేతులతో పరుగున వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా పిట్టని లాక్కుని గుండెలకి అదుముకుంది. కాసేపటికి పిల్ల ముఖం చూసింది.

"పెదవికేమైంది?"

పోలీసు అధికారిణి కూడా అప్పుడే చూసింది. "అవును. బొమ్మ ఊరంతా తిరిగి చిన్న గీత పడకుండా వచ్చింది. పిల్ల ఇంటి నుంచి ఇక్కడికి రావడానికి దెబ్బెలా తగిలింది?"

ఇలాంటి ప్రశ్నలు ఆయన ఇన్నాళ్ళూ ఇతరుల్ని అడిగాడు. జవాబు చెప్పాల్సి రావడం ఇదే మొదలు. "నేను..." అని మొదలుపెట్టాడు.

"నేను" అంది అత్తగారు ముందుకొచ్చి. "ఒళ్ళో పెట్టుకోమన్నది నేను. అతను ఇన్నాళ్ళూ వద్దనే అన్నాడు. పట్టుకుంటే ఆగుతుందనుకున్నానే అమ్మా. ఆగలేదు." అంటూ అల్లుడి వైపు తిరిగింది. ఆవిడ గొంతులో మొదటిసారి 'అల్లుడుగారు' పోయి, "నాయనా, ఆ సీటు ఎలా బిగిస్తారో నాకు చూపించు" అన్న మాట వచ్చింది.

టీకాకి ఇంకా వేళ మించిపోలేదు. ఆసుపత్రికి తనే తీసుకెళ్తానని డ్రైవరు పట్టుబట్టాడు. స్టేషన్ ఎదుట, పోలీసులంతా నిలబడి చూస్తుండగా, లిఫ్టాయన సీటు బిగించాడు. అత్తగారు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసింది. ఇంకోసారి బిగించమంది. పిట్టని కూర్చోబెట్టాక పట్టీ కింద వేలు దూర్చి చూసి, "వదులుగా ఉంది" అంది. అల్లుడు సరిచేశాడు. తల్లీ అమ్మమ్మా చెరో పక్కా ఎక్కారు, లిఫ్టాయన ముందు కూర్చున్నాడు. డ్రైవరు ఒక్కొక్కరినీ తిరిగి చూసి, పేరుపేరునా పలకరించి, అప్పుడు కారు తీశాడు.

"మెల్లగా నాయనా" అంది అత్తగారు.

డ్రైవరు వేగం తగ్గించాడు.

"ఇంకా మెల్లగా."

"అత్తయ్యా, పిల్ల సీటులోనే ఉంది" అన్నాడు లిఫ్టాయన.

"ఉంటే? నువ్వు మాట్లాడకు. బాబూ, ఇంకొంచెం మెల్లగా."

"అమ్మా, ఇంతకన్నా మెల్లగా అంటే ఆపేయాలి."

"ఆపొద్దు. వెనక వచ్చేవాళ్ళు గుద్దుతారు. మెల్లగా పోనీ."

ఆసుపత్రి ఆవరణలో చేతికర్ర ఊతంగా నడుస్తున్న పెద్దాయన ఒకరు, దారి ఇమ్మని రెండుసార్లు దగ్గి, ఆ టాక్సీని దాటి ముందుకు వెళ్ళిపోయాడు.