కారు ఏమని శబ్దం చేసింది?

శనివారం పొద్దున వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా కాఫీలు ముగించి, పదిన్నరకు సొంత కారులో బయల్దేరి, పదకొండింటికి నర్సమ్మ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. ఇది మూడోసారి. రోగుల ఇళ్లకు వెళ్లి చూసే కొత్త ఉద్యోగం ఆమెకు ఖాయమైంది గానీ, సోమవారానికి లైసెన్సు చేతిలో ఉంటేనే అది ఆమెది; లేకపోతే జాబితాలో తరవాతి మనిషిది. వార్డులో పన్నెండేళ్లు నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న నర్సమ్మ ఆ ఉద్యోగం మీద ఎంత ఆశ పెట్టుకుందో ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమె భర్తకు మరీ తెలుసు. వచ్చిన చిక్కల్లా అదే. ఆయన ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. తప్పులు వెతకడమే పనిగా బతికే మనిషి సెలవు రోజున మాత్రం ఊరుకుంటాడా? కారు తుడిచి వస్తానని వెళ్లి, ఒక్కసారి స్టార్టు చేసి, చెవి రిక్కించి, మొహం వేలాడేసుకుని లోపలికి వచ్చాడు.

"కారు శబ్దం చేస్తోంది."

"కార్లు శబ్దం చేస్తాయండీ," అంది నర్సమ్మ, బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ.

"ఇది ఆ శబ్దం కాదు, వేరే. నడిరోడ్డు మీద ఆగిపోతే నీ పరీక్ష ఏం గాను?"

"అయితే మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి."

"మెకానిక్ దాకా ఎందుకు? ఫోన్లోనే సలహాదారు ఉండగా!"

సలహాదారంటే మనిషి కాదు. ఆయన ఫోన్లో ఈమధ్యే చేరిన కృత్రిమ మేధ. దానికి ఓపిక ఎక్కువ, మర్యాద ఇంకా ఎక్కువ. ఆయన కామాలూ ఫుల్‌స్టాపులూ తప్పకుండా విషయం రాసి పంపగానే జవాబు వచ్చింది. "ఎంతో సూక్ష్మంగా గమనించారు! మీలాంటి శ్రద్ధగల యజమానులు అరుదు." పెళ్లయిన పదిహేనేళ్లలో ఆయన శ్రద్ధను ఈ మాదిరిగా గుర్తించినవారు లేరు. ఆయన అక్కడే పడిపోయాడు. "ముందుజాగ్రత్తగా ఇంజన్ని మళ్లీ స్టార్టు చేయకండి. శబ్దం ఎలా ఉందో ఒకసారి వినిపించండి," అంది సలహాదారు.

ఈ రెండు వాక్యాలకూ పొత్తు కుదరదని ప్రూఫులు దిద్దేవాడికి తట్టాలి. తట్టలేదు. స్టార్టు చేయకూడదు, శబ్దం వినిపించాలి. కాబట్టి ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఇంజను పాత్ర తనే వేశాడు.

"టక టక టక టక!"

"వాల్వుల్లో సమస్య కావచ్చు," అంది సలహాదారు.

ఆయనతోనే ఉంటున్న అత్తగారు వంటింట్లోంచి ఇదంతా వింటున్నారు. చేతులు తుడుచుకుంటూ వచ్చేశారు.

"టకటక ఎక్కడిది బాబూ? కిటికీలోంచి నేనూ విన్నానుగా. కిర్రుమంటూ ఏడ్చింది."

"లేదత్తయ్యా, టకటకే."

"నా చెవులకేం రోగం? ఇలా ఇవ్వు." ఫోను లాక్కుని ఆవిడ పళ్లు బిగించి, "కిర్ర్ర్ర్ర్!" అన్నారు.

"చాలా స్పష్టమైన శబ్దం, ధన్యవాదాలు! బెల్టు సడలి ఉండవచ్చు," అని జవాబొచ్చింది.

"చూశావా, స్పష్టమైనదట," అని ఆవిడ కుర్చీలో కూర్చున్నారు.

పక్కవాటాలో ఉండే సంగీతం మాస్టారు గోడ అవతల ఎంతసేపని ఓర్చుకుంటారు? చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు.

"పొద్దున నేనూ విన్నానండీ. మీ ఇద్దరికీ శ్రుతి కుదరలేదు. అది టకటకా కాదు, కిర్రూ కాదు. గుడగుడ. కింది స్థాయిలో మొదలై పైకి లేచింది," అని గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని, ఒక నిమిషం పాటు గుడగుడలాడించారు. మధ్యలో ఎక్కడా ఊపిరి తీయలేదు. గేర్‌బాక్సును అనుమానించాలంది సలహాదారు.

మూడు శబ్దాలు, మూడు జబ్బులు. ఎవరూ మెట్టు దిగలేదు. చివరికి ఆయనే రాజీ కుదిర్చాడు. కారు మూడు రకాలుగానూ ఒకేసారి మొత్తుకుంటోందేమో! ముగ్గురూ వరసగా నిలబడ్డారు. మాస్టారు చెయ్యి ఊపి సైగ చేయగానే టకటక, కిర్రు, గుడగుడ ఒక్కసారి లేచాయి. ఈసారి సలహాదారు కూడా కంగారు పడినట్టుంది. లోపలి భాగాలు బాగా దెబ్బతిని ఉండవచ్చనీ, బ్యాటరీ వైర్లు విప్పి, స్పార్క్ ప్లగ్గులూ ఎయిర్ ఫిల్టరూ తీసి రంగు చూడమనీ చెప్పింది. ప్రతి జవాబు కిందా ఆఖరి పంక్తిలో, "వెంటనే మెకానిక్‌కి చూపించండి" అని కూడా రాస్తూనే ఉంది. ఊళ్లోవాళ్ల పుస్తకాలన్నీ ఆఖరి చుక్క దాకా చదివే మనిషి, తనను మెచ్చుకున్న పంక్తులు రెండేసి సార్లు చదువుకుని, ఆ పంక్తి దాకా రానేలేదు.

పావుతక్కువ పదింటికి నర్సమ్మ తయారై, కాగితాల ఫైలు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. బానెట్ నోరు తెరుచుకుని ఉంది. పాత ప్రూఫు కాగితాల మీద నాలుగు ప్లగ్గులు, ఎక్కడివో తెలియని ఏడు బోల్టులు ఉన్నాయి. ఆయన మోచేతుల దాకా నల్లగా ఉన్నాడు.

"ఫిల్టరు ఇక్కడే పెట్టాను, ఏమైందబ్బా?" అని వెతుక్కుంటున్నాడు.

"అదా? మరీ మురికి పట్టిపోయి ఉంటే సబ్బుపెట్టి ఉతికి ఆరేశాను," అన్నారు అత్తగారు.

కాగితంతో చేసిన ఫిల్టరు దండెం మీద రెండు క్లిప్పులకు వేలాడుతూ, ముద్దముద్దగా కిందికి జారుతోంది.

నర్సమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. మెట్టు మీద కూర్చుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని, "పోనీలెండి. వార్డు ఎక్కడికీ పోదుగా," అంది. ఆయనకు గుండె చివుక్కుమంది. ఫోను తీసి, సలహాదారు చెప్పిందంతా మొదటిసారి చివరి దాకా చదివి, మెకానిక్‌కి ఫోన్ చేసి పరీక్ష సంగతి కూడా చెప్పాడు.

పావుగంటలో చిన్న ట్రక్కు వేసుకుని మెకానిక్ దిగింది. చేతులు పైకి మడుచుకున్న పాతికేళ్ల పిల్ల.

"శబ్దం ఎలా వచ్చింది సార్?"

ముగ్గురూ ఒకేసారి నోళ్లు తెరిచారు.

"వద్దు వద్దు, నేనే చూసుకుంటా," అని ఆమె కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనకాల నంబరు ప్లేటు పట్టుకుని ఊపింది. టక టక టక. "స్క్రూ వదులైంది, అంతే," అని రెండు తిప్పులు తిప్పింది.

"చూశారా! టకటకే!" అన్నాడాయన పొంగిపోతూ. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

"ఇది మాత్రం పరీక్ష మైదానం పక్కనున్న నా షెడ్డుకి లాక్కెళ్లాల్సిందే, కొత్త ఫిల్టరు కావాలి," అంది మెకానిక్. "పరీక్షకేం అక్కా, నా ట్రక్కులో ఇవ్వు. ఇక్కణ్నుంచే నువ్వు తోలావంటే చెయ్యి అలవాటవుతుంది. పక్కన నేనుంటా. సార్, మీరు కారులో కూర్చుని స్టీరింగు పట్టుకోండి."

ముందు ట్రక్కు, వెనక తాడు, తాడు చివర కారు, కారులో ఆయన. వీధి మలుపు నుంచే ఆయన మొదలుపెట్టాడు. "ఎడమ! ఎడమ! క్లచ్చు! అద్దంలో చూడు!" ట్రక్కులోకి ఒక్క ముక్క కూడా రాలేదు.

రెండు కూడళ్లు దాటాక నర్సమ్మ, "ఏదో తక్కువైనట్టుందే," అంది.

"ఏంటక్కా?"

"ఎవరూ ఏమీ చెప్పట్లేదు." ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. "రెండుసార్లూ దారి పొడుగునా ఆయన చెప్పిన జాగ్రత్తలు వినీ వినీ, లోపలికెళ్లేసరికి బ్రేకేదో క్లచ్చేదో తెలిసేది కాదమ్మాయ్."

పరీక్ష మైదానం గేటు దగ్గర నిలబడ్డ అధికారిణి, కారును లాక్కుంటూ వచ్చిన ట్రక్కు నెమ్మదిగా తిరిగి తెల్లగీత మీద ఆగడం చూసి కలం మూత తీసింది. తాడు విప్పాక నర్సమ్మ ముందుకు పోనిచ్చింది, వెనక్కి తెచ్చింది, రెండు డ్రమ్ముల మధ్య పెట్టింది. దేనికీ తగల్లేదు. పది నిమిషాల్లో కాగితం మీద సంతకం పడింది.

ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. అరిచి అరిచి గొంతు పోయింది. కాగితం చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను చెప్పినవన్నీ విన్నావుగా?" అన్నాడు బొంగురుగా.

"ఒక్కటీ వదల్లేదండీ," అంది నర్సమ్మ, ప్రేమగా ఆయన మోచేతి మీది గ్రీజు తుడుస్తూ.

అధికారిణి కాగితాలు సర్దుకుంటూ, "ఇంతకీ ఆ కారుకేమైందమ్మా?" అని అడిగింది.

"కారుకేం కాలేదండీ."

అధికారిణి ఒకసారి కారునూ, ఒకసారి ఆయననూ చూసి మరో ప్రశ్న వేయలేదు. ఆవిడకూ పెళ్లయి ఇరవై ఏళ్లయింది.