భజ్జీ ఏ ఊరిది?

మనిషి తన ఊరి తిండే తినాలన్నది మానవ నాగరికత ఎప్పుడో తేల్చుకున్న సంగతి. ఏ తిండి ఏ ఊరిదో తేల్చడానికి మాత్రం జహీరాబాద్‌లో ఒక కార్యాలయం పెట్టవలసి వచ్చింది. దానికి అధిపతి జిల్లా సామీప్యాధికారి జగన్‌మోహన్. (రోజూ హైదరాబాద్ నుంచి వచ్చి పోతుంటాడు.)

ఆ కార్యాలయం ప్రారంభించిన రోజు ట్రాక్టర్ స్పేర్ పార్టుల వ్యాపారి గురులింగప్ప, చేతికి మైకు దొరికిన సంబరంలో, ఇకమీదట స్థానికాహారం తప్ప ముట్టనని ప్రమాణం చేశాడు. వెంటనే ఆయన ఫోన్లో ఒక యాప్ ఎక్కించారు. కంచంలో ఏది పడ్డా దానికి చూపించాలి. పచ్చరంగు వస్తే తినాలి, ఎర్రరంగు వస్తే లేవాలి. మాట నిలబెట్టుకుంటే 'ప్రథమ స్థానికాహారి' బిరుదు, శాలువా. తప్పితే బస్టాండులో బోర్డు మీద పేరు.

మొదట చాయ్ పోయింది. సముద్రం జహీరాబాద్ దాకా రాలేదు కాబట్టి ఉప్పు పోయింది. బియ్యం, పప్పు సంచుల మీద ఏవేవో ఊళ్ల పేర్లుండటంతో అవీ పోయాయి. స్టిక్కరున్న పక్కూరి కోహీర్ అల్లం ఒక్కటే పచ్చరంగు చూపించింది. మనిషి అల్లం తిని ఎన్నాళ్లు బతుకుతాడు? గురులింగప్ప నడుము లుంగీని ఆపడం మానేసింది.

అయినా ఆయన ధైర్యంగానే ఉన్నాడు. ఎల్లమాస వస్తోంది. ఆ అమావాస్యనాడు ఇంటిల్లిపాదీ మొగుడంపల్లి దగ్గరి చేనుకు వెళ్తారు. చేలో కాసిన అనపగింజలు, పచ్చి కందులు, శనగాకు కలిపి భార్య బస్వమ్మ భజ్జీ అనే కలగూర వండుతుంది. సజ్జ రొట్టెతో చేలోనే కూర్చుని తింటారు. అంతకంటే స్థానికం ఈ భూమ్మీద ఏముంటుంది?

ఆ రోజు రానే వచ్చింది. ఆయన భాగం ఉప్పు లేకుండా వండింది బస్వమ్మ. ఫోను చూపించాడు. ఎర్రరంగు. 'పుట్టిన చోటు తెలియదు.'

ఫోన్ చేస్తే జగన్‌మోహన్ జీపులో వచ్చాడు. "బిల్లు ఏదండీ?"

"మా చేనుదే సార్. మీరు నిలబడ్డది గా చేన్లనే."

"కనబడుతోంది. కనబడటం వేరు, రుజువు కావడం వేరు."

నిబంధన ప్రకారం స్థానికాహారం హైదరాబాద్‌లోని ధ్రువీకరణ కేంద్రానికి వెళ్లి స్టిక్కరు వేయించుకుని రావాలి. (ఎక్కడికైనా వెళ్లి వస్తేనే కదా, అది ఎక్కడిదో తెలిసేది.) గురులింగప్ప భాగం డబ్బాలో పెట్టి జీపెక్కించారు. ఈలోపు అధికారి విస్తరి ముందు కూర్చున్నాడు. ఆయన ఏ ప్రమాణమూ చేయలేదు.

"జర నోట్ల పెట్టుకో. ఎవ్వడు చూస్తడు?" అంది బస్వమ్మ.

"యాప్ చూస్తది."

గురులింగప్పకు ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఎల్లమాసనాడు చేలో పస్తున్నది ఇదే మొదలు.

పొద్దుగూకే వేళకు డబ్బా తిరిగొచ్చింది, మూతమీద స్టిక్కరుతో. పచ్చరంగు! రొట్టె తుంచాడు. ఫోను మోగింది. 'తినేవారు పుట్టిన చోటు?'

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. బీదర్ అని కొట్టాడు. ఎర్రరంగు.

"మా ఇండ్లల్ల కాన్పు తల్లిగారింట్లనే అయితది సార్. మేమందరం గట్లనే పుట్టినం," అని మొత్తుకున్నాడు.

"అందుకే ఈ ప్రాంతంలో స్థానికులు తక్కువ," అన్నాడు జగన్‌మోహన్, రెండో విస్తరి ముగించి చెయ్యి కడుక్కుంటూ. "ఏం పర్వాలేదు. ఇక్కడ పుట్టినవారు ఎవరైనా పిలిస్తే మీరు అతిథిగా తినొచ్చు."

ఇంటిల్లిపాదినీ విచారించారు. బస్వమ్మది అవతలి రాష్ట్రం. పిల్లలు ఆమె పుట్టింట్లో పుట్టారు. కోడళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చివరికి ఈ చేని కొట్టంలోనే పుట్టి, ఈ చేని మేతే మేసి, పొలిమేర దాటని జీవి ఒక్కటే తేలింది. దాని పచ్చరంగులో వంక పెట్టడానికేమీ లేదు.

శాలువా ఎద్దుకు కప్పారు. డబ్బా దాని ముందే పెట్టారు. ఉప్పు లేదని అది పేచీ పెట్టలేదు.

అప్పటినుంచి గురులింగప్ప పూటపూటకూ కొట్టంలో దాని ఎదురుగా వచ్చి కూర్చుంటున్నాడు. పిలుపు ఇంకా రాలేదు.