రివర్సు గేరు లేని ఊరు

మా ఊళ్లో పెద్ద బండి లైసెన్సు ఉన్నవాడెవడికీ బండిని వెనక్కి నడపడం రాదు. ఇది ఆరోపణ కాదు, తేలిపోయిన సంగతి. నీళ్లు పల్లానికి పారతాయన్నంత మామూలు సంగతి.

దీన్ని లోపం అనుకుంటున్నారా? అయితే మీకు లోకం తెలియదన్నమాట! ఊరికి ఇంతకంటే మేలు చేసింది మరొకటి లేదని నిరూపిస్తాను. ఓపిక ఉంటే చదవండి. లేకపోతే మానేయండి, నాకేం నష్టం లేదు.

ముందు బడి సంగతి. బడి మినీబస్సు ఆవరణలోకి వెళ్లేది కానీ బయటకు రాలేకపోయేది. గేటు ఒక్కటే, లోపల తిప్పుకునే చోటు లేదు. డ్రైవరును మార్చమని కొందరు తెలివితక్కువ తల్లిదండ్రులు గోల చేశారు. హెడ్మాస్టరు వివేకి. డ్రైవరును మార్చలేదు, వెనక గోడ పగలగొట్టించి రెండో గేటు పెట్టించాడు. ఇప్పుడు బస్సు ఇటు దూరి అటు తేలుతుంది. బస్సుతో పాటు పిల్లలు కూడా ఇటు దూరి అటు తేలుతున్నారు. చదువు సంగతి అడక్కండి. గాలి మాత్రం బాగా ఆడుతోంది!

తరవాత రొట్టెల లారీ. ఒకరోజు పొద్దున దారి తప్పి కూరగాయల బజారు పక్క సందులోకి దూరింది. సందు చివర గోడ. డ్రైవరు అరగంట ఆలోచించాడు. దిగి, వెనక తలుపులు తెరిచి, రొట్టెలు అక్కడే అమ్మడం మొదలుపెట్టాడు. మర్నాడు యజమాని వచ్చి చూసి, తిట్టబోయి ఆగి, లారీకి బోర్డు తగిలించి వెళ్లాడు. నాలుగేళ్లయింది. టైర్లకు నాచు పట్టింది. బేరం బాగుంది. రివర్సు వచ్చిన డ్రైవరైతే ఆ వీధికి రొట్టెల దుకాణం వచ్చేదా?

గిడ్డంగుల వీధిలో రెండు లారీలు ఎదురెదురుగా ఆగిపోయిన కథ మీరు వినే ఉంటారు. నువ్వు వెనక్కి పో అంటే నువ్వే పో అనుకున్నారు డ్రైవర్లిద్దరూ. ఇద్దరికీ రాదని ఇద్దరికీ తెలుసు, ఒప్పుకోవడానికి నామోషీ. మధ్యాహ్నానికి తిట్లు అయిపోయాయి. సాయంత్రానికి క్యారియర్లు పంచుకున్నారు. మర్నాటికి కష్టసుఖాలు చెప్పుకున్నారు. మూడో రోజుకి వియ్యంకులయ్యారు! ఆ రెండు బంపర్ల మధ్యే కుర్చీలు వేసి సంబంధం ఖాయం చేసుకున్నారు. ఇంత బంధుప్రీతి ఇంకే ఊళ్లో చూశారు?

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దలు భయపెడతారు. మా డ్రైవర్లకు గొయ్యితో పని లేదు. నుయ్యి ఒక్కటి చూసుకుంటే చాలు.

ఈ వైభోగం ఎక్కడ పుట్టిందో నాకు ఆలస్యంగా తెలిసింది. తెలుసుకోవడానికి కారణం ఉంది. అది కూడా చెప్పాలి.

నేను ఇరవై ఆరేళ్లు ఇటుకబట్టీ లారీ నడిపాను. బట్టీ వరసల మధ్యకు లారీ ఎప్పుడూ వెనక్కే వెళ్లాలి. అటు బెత్తెడు, ఇటు బెత్తెడు, రెండు పక్కలా పచ్చి ఇటుకలు. నేను చదివింది పల్లెటూరి బడిలో. మా మేష్టారు ఎక్కాన్ని పది నుంచి ఒకటికి చెప్పించేవారు. వెనక్కి వచ్చినవాడికే వచ్చినట్టు లెక్క అనేవారు. నా లారీ విద్య కూడా అంతే.

నా భార్యకు కిడ్నీలు చెడ్డాక లారీ మానేశాను. వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆ తిరుగుళ్లలో నా లైసెన్సు గడువు దాటిపోయింది. ఆస్పత్రి క్యూలోనూ లైసెన్సు ఆఫీసు క్యూలోనూ ఒకే మనిషి ఒకే రోజు నిలబడలేడు.

రోగులను ఇళ్లనుంచి తీసుకెళ్లడానికి ఆస్పత్రికి ఒక మినీబస్సు ఉంది. దాని డ్రైవరు నా బావమరిది. నా భార్యకు సొంత తమ్ముడు. మాది చివర మూసుకుపోయిన సందు. బస్సు సందు మొదట్లోనే ఆగేది. అక్కణ్ణుంచి మా గుమ్మానికి మూడు వందల పన్నెండు అడుగులు. రెండేళ్లు ఆమె చెయ్యి పట్టుకుని నడిచాను కాబట్టి లెక్క తప్పు పోదు. వెళ్లేటప్పుడు రెండు చోట్ల ఆగేది. వచ్చేటప్పుడు ఎన్ని చోట్లో చెప్పను.

లోపలికి తెమ్మని వాణ్ణి అడిగాను. సందుల్లోకి రావడానికి రూలు లేదు బావా, అన్నాడు. పోనీ స్టీరింగు నా చేతికివ్వరా, నేను తెస్తాను అన్నాను. లైసెన్సు లేనివాడికి ఇస్తే ఉద్యోగం పోతుందన్నాడు. ఆమె కూడా తమ్ముడి వైపే. డాక్టరు నడవమన్నాడని, నడిస్తే ఒంటికి మంచిదని నాకు సర్దిచెప్పేది. చెబుతూ చెబుతూ గోడ పట్టుకుని నిలబడేది.

ఆమె పోయి పద్నాలుగు నెలలు.

ఇప్పుడు మా సందులో దర్జీకి అదే జబ్బు. మాకు రెండు గుమ్మాల ఇవతల ఉంటాడు. పెళ్లాం భుజం మీద చెయ్యేసి, అదే గోడ వెంబడి, అవే అడుగులు వేస్తున్నాడు. ఆస్పత్రివాళ్లకు రెండో డ్రైవరు కావాలని తెలిసి, అరవయ్యో ఏట మళ్లీ హెవీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. బస్సు నా చేతికి వస్తే దర్జీ గుమ్మం ముందు ఆపుతాను. నాకు కావలసింది అంతే. ఈ మాట దర్జీతో చెబితే, "నువ్వు లైసెన్సు తెచ్చేలోపు నాకు నడక పోటీలో కప్పు వచ్చేస్తుందిలే అన్నా" అన్నాడు.

సరే, పరీక్ష రోజు వచ్చింది.

లైసెన్సు ఆఫీసు వెనక మట్టి మైదానం. అటు చివర గోడ, ఇటు చివర సున్నంతో గీసిన గీత. పరీక్షకు ఉన్నది ఒక్కటే లారీ. అది డ్రైవింగు స్కూలువాళ్లది. మేం తొమ్మిదిమంది అభ్యర్థులం. మొదటివాడు ఎక్కాడు. గీత దగ్గర బయల్దేరి, నలభై గజాలు ముందుకు నడిపి, గోడ ముందు ఆపి దిగాడు. అప్పుడు చూశాను ఆ వింత. మిగతా ఎనిమిదిమంది, ఎవరూ చెప్పకుండానే, చొక్కా చేతులు మడుచుకుని లారీ ముందుకు వెళ్లారు. హైలెస్సా అని నెట్టుకుంటూ మళ్లీ గీత దగ్గరకు తెచ్చారు. నేనూ ఒక చెయ్యి వేశాను, వెయ్యక తప్పుతుందా?

ఇన్‌స్పెక్టరు ఫారం తీసి 'ముందుకు నడపడం' దగ్గర టిక్కు పెట్టాడు. 'వెనక్కి నడపడం' దగ్గర ఇంకో టిక్కు పెట్టాడు. వెనక్కి వచ్చింది కదా! ఎలా వచ్చిందని ఫారంలో అడగలేదు.

స్కూలు యజమానిని అడిగితే వివరం చెప్పాడు. లారీ కొన్నప్పటి నుంచీ రివర్సు గేరు పడదట. పదకొండేళ్లుగా ఇదే పద్ధతట. నెట్టడంలో కూడా ఒక శిక్షణ ఉందట, ఐకమత్యం అలవడుతుందట. ఊళ్లో పెద్ద బండి నడిపే ప్రతివాడూ ఈ గీత మీంచి వెళ్లినవాడేనని గర్వంగా అన్నాడు. నా బావమరిదికి ఏడు నిమిషాల్లో లైసెన్సు వచ్చిందని, అది ఇప్పటికీ చెదరని రికార్డని కూడా అన్నాడు.

సందు మొదట్లో రూలు ఎందుకు అడ్డం పడుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

నా వంతు ఆఖరిది. ఎక్కాను. ముందుకు నడిపాను, గోడ ముందు ఆపాను. ఎనిమిదిమందీ చేతులు రుద్దుకుంటూ వచ్చారు. తప్పుకోండి నాయనా అన్నాను. గేరు రాడ్డు పట్టుకోగానే నా చేతికి తెలిసిపోయింది. మా బట్టీ లారీ కూడా ఇదే కంపెనీ రకం. వీటిలో రివర్సు ఊరికే పడదు. పొరపాటున పడకూడదని అలా చేస్తారు. రాడ్డును ముందు కిందికి నొక్కి, ఎడమకు తోసి, అప్పుడు లాగాలి.

నొక్కాను. తోశాను. లాగాను. పడింది!

పదకొండేళ్లలో ఒక్కడూ నొక్కి చూడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నారని విన్నాం. వీళ్లు ఆ మద్దెలను భుజాన మోస్తూ ఊరేగుతున్నారు!

లారీ తనంతట తాను వెనక్కి కదిలింది. అద్దంలో చూసుకుంటూ తిన్నగా తెచ్చాను. ఒక్క చిక్కు ఉంది. ఆ లారీ వెనక్కి వస్తే ముందు హైలెస్సా వినపడుతుందన్న ధీమాతో ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ గీత వెనకే, చెట్టు నీడలో కుర్చీ వేసుకుంటాడు. బల్ల, ఫారాలు, టీ గ్లాసు అన్నీ అక్కడే. హైలెస్సా లేకుండా లారీ వీపు మీదికి వచ్చేసరికి ఆయన లేచి పరుగెత్తాడు. టీ గ్లాసు పరుగెత్తలేకపోయింది.

గీత మీద ఆపాను. కుర్చీకి లారీకి మధ్య మూరెడు దూరం ఉంచాను. బట్టీలో అయితే బెత్తెడే ఉంచేవాణ్ణి. ఆఫీసరు కదా అని గౌరవించాను.

ఫెయిల్.

కారణం ఫారంలో రాసి ఇచ్చారు: 'అభ్యర్థి ఇతరుల సహకారం తీసుకోలేదు. పరీక్ష పద్ధతిని అతిక్రమించి వాహనాన్ని వెనక్కి తెచ్చాడు.' ఆ కాగితం నా దగ్గరే ఉంది. చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూడవచ్చు.

స్కూలు యజమాని ముఖం మాడ్చుకుని నా దగ్గరకొచ్చాడు. ఇకమీదట అందరికీ ఇది కూడా నేర్పాలి కదా, మీరు చేసింది బాగాలేదు అని నిలదీశాడు. ఇన్‌స్పెక్టరు మంచివాడు. చొక్కా మీద టీ తుడుచుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

"పెద్దాయనా, మూడు నెలలాగి రండి. ఆ రాడ్డు జోలికి పోకండి. నలుగురూ నెడతారు, మీరు స్టీరింగు పట్టుకుని కూర్చోండి. నేను పాస్ చేస్తాను."

"కూర్చుంటే నాకు రివర్సు వచ్చినట్టా?"

"వచ్చినట్టు కాదు. లైసెన్సు వచ్చినట్టు."

ఇంత సూటిగా మాట్లాడే ఆఫీసరు ఉండటం కూడా మా ఊరి అదృష్టమే కదా!

ఆ కాగితం జేబులో పెట్టుకుని తిన్నగా ఆస్పత్రికి వెళ్లాను. నెమ్మదిగా మాట్లాడదామని కాదు. వాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేద్దామని. మూడు నెలలు దర్జీ నడవలేడు. బావమరిది బస్సు తుడుస్తున్నాడు. ఆస్పత్రి ఆవరణకు రెండు గేట్లు, అందుకే వాడికి అక్కడ ఇబ్బంది లేదు. వాచ్‌మన్, ఇద్దరు నర్సులు చూస్తుండగా, ఎక్కి నాలుగు గజాలు వెనక్కి తియ్యమన్నాను.

ఎక్కాడు. గేరు వేశాడు. అద్దంలో చూశాడు. ఇంజను ఆపేసి తల దించుకున్నాడు. నలభై ఆరేళ్ల మగవాడు. ముక్కు అచ్చం ఆమె ముక్కే.

నేను దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. ఎందుకో నాకు తెలియదు. పక్క సీట్లోకి ఎక్కి కూర్చున్నాను. అక్కడ కూర్చోవడానికి లైసెన్సు అక్కర్లేదు.

"అద్దంలో చూడు."

"చూస్తే చేతులు వణుకుతాయి బావా."

"చేతులు వణికితే వణకనీ. కాలు వణక్కూడదు. అది క్లచ్ మీద ఉంది."

నాలుగు ఆదివారాలు నేర్పాను. ఆస్పత్రివారి చెత్తడబ్బాలు రెండు, పూలకుండీ ఒకటి ఈ విద్యాదానంలో పోయాయి. అయిదో వారం సోమవారం పొద్దున బస్సు మా సందులోకి వెనక్కి వచ్చింది. చెమటలు కక్కుకుంటూ, గజానికోసారి ఆగుతూ వచ్చింది. దర్జీ గుమ్మం ముందు ఆగింది. దర్జీ రెండు అడుగులు వేసి ఎక్కాడు. వాడి పెళ్లాం నా వైపు చూసి ఏదో అనబోయింది. నేను ముఖం తిప్పుకున్నాను.

సాయంత్రం దర్జీని దించేశాక బావమరిది అక్కడే కాసేపు కూర్చున్నాడు. కిటికీ దగ్గరకు వెళ్లి ఒక్కటే అడిగాను. ఈ మాత్రానికి మూడేళ్ల కిందటే నన్నెందుకు అడగలేదురా, అని.

వాడు అద్దంలోకి చూస్తూ చెప్పాడు.

"అడుగుదామనే అనుకున్నా బావా. అక్క వద్దంది. 'నీకు వెనక్కి రాదని మీ బావకి తెలిస్తే ఊరంతా చెప్పి నవ్విస్తాడు, నీ ఉద్యోగం పోతుంది, ఆ నాలుగడుగులు నేను నడుస్తాలే' అంది."

డాక్టరు నడవమన్న మాట కూడా ఆమె కల్పించిందేనట.

నా నోటి సంగతి నా పెళ్లానికి తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది, ఇంతదాకా చదివారు కదా. వాడికి ఇప్పుడు రివర్సు వచ్చు, ఆ ధైర్యంతోనే రాశాను. ఈ వ్యవహారంలో క్షమించాల్సినవాళ్లు ఇద్దరున్నారు, వాడూ నేనూ. ఒక్కణ్ణి కూడా క్షమించలేదు.

లైసెన్సు ఆఫీసుకు మళ్లీ వెళ్లలేదు. బజార్లో కనిపించి ఎవరూ నన్ను ఈ విషయం అడక్కండి. ఇక ఎత్తను.