మాస్టారి పెళ్ళికోటు

ఆ ఆదివారం ఉదయం టైలరు మాస్టారి పథకం చాలా చిన్నది. వాకింగుకు వెళ్ళి రావడం, స్నానం చేయడం, పెళ్ళినాటి కోటు తొడుక్కుని దర్జీల సంఘం సభకు దర్జాగా నడిచి వెళ్ళడం. అంతే. ఆ అంతేలోనే ఆయన మీసం ఇరుక్కుని ఉంది.

సంగతేమిటంటే, వేసవి మొదట్లో ఆయన బామ్మర్ది, అంటే కొట్లో కాజాలు, గుండీలు కుట్టే మనిషి, గోడకు వేలాడుతున్న ఆ కోటును చూపించి, "బావా, ఊళ్ళోవాళ్ళ కొలతలన్నీ నీ నోట్లోనే ఉంటాయి. నీ కోటు మాత్రం నీకే పట్టదు" అని నలుగురి ముందూ పళ్ళికిలించాడు. మాస్టారికి ఒళ్ళు మండింది.

"సంఘం సభకి ఈ కోటే వేసుకెళ్తా. పట్టకపోతే నా మీసం తీసేస్తా. పట్టిందో, నీది తీయిస్తా!"

బామ్మర్దిది మామూలు మీసమా! దానికి దువ్వెన వేరే, నూనె వేరే.

అప్పట్నుంచి మాస్టారు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పొద్దున్నే నడక, మధ్యాహ్నం చప్పిడి కూరలు. లోకం ఆయన్ని బతకనిస్తేనా? ఎదురింటి పిల్ల పరీక్ష పాసైంది, మిఠాయి. పక్కనున్న మందులషాపాయనకు మనవడు పుట్టాడు, మళ్ళీ మిఠాయి. మధ్యలో మోకాలు పట్టేసి మంచమెక్కారు. దిగేసరికి తగ్గిందంతా తిరిగొచ్చి కూర్చుంది. ఆ పూట ఏడ్చినంత పని చేసి, మర్నాడు మళ్ళీ బూట్లు తొడిగారు. కోటు జోలికి మాత్రం పోలేదు. సభ రోజే వేస్తానని పంతం.

ఆ రోజు రానే వచ్చింది. కోటులోకి చేతులు సులువుగా దూరాయి. గుండీలూ పడ్డాయి. పడ్డాక, లోపల ఇంకో మనిషి పట్టేంత చోటు మిగిలింది.

"చూశావుటే! తగ్గాను! ఎంత తగ్గానో చూడు!" అని భార్యను కేకేశారు.

సంబరం అద్దం దాకానే సాగింది. అద్దంలో కోటు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. నిన్న వేసుకున్న చొక్కా సరిగ్గానే ఉందే! రాత్రికి రాత్రి ఇంత ఒళ్ళు ఎటు పోయింది? ఆయన గుండె గుభేలుమంది.

పేపరు కోసం వచ్చిన మందులషాపాయన తేరిపార చూశాడు. "మాస్టారూ, దీన్ని తగ్గడం అనరు. కరిగిపోవడం అంటారు. లోపల ఏదో ఉంది."

ఆ మాట వీధంతా పాకడానికి ఎంతసేపు! ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చింది, ఆవిడ వెనక మరో ఇద్దరు. ఒకరు నాడి పట్టుకుంటే ఒకరు పేపరుతో విసరసాగారు. "ముందు నీరసం రాకుండా ఏదైనా పెట్టండమ్మా!" అన్నారెవరో. మరుక్షణం మాస్టారి ఒళ్ళో పళ్ళెం నిండా నేతి మిఠాయిలు.

"పందెం లేదు, గిందెం లేదు. తిను బావా" అన్నాడు గుమ్మంలో బామ్మర్ది. చూపు మాత్రం కోటు గుండీల మీదే ఉంది.

మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మనిషే పోయాక మీసం ఉంటే ఎంత, పోతే ఎంత" అంటూ ఓ మిఠాయి తీసుకున్నారు. అది నోటిదాకా వెళ్ళింది.

"ఆగండి!" భార్య ఆయన చెయ్యి పట్టేసుకుంది. "మీకు జబ్బూ లేదు, గిబ్బూ లేదు. మీరు వాకింగుకి వెళ్ళినప్పుడు వీపు కుట్టు విప్పి వదులు చేసింది నేనే. మీసం లేని మీ మొహం నేను చూడలేనండీ!"

"అయ్యో, నువ్వూనా?" మాస్టారి తల్లి నోరు నొక్కుకుంది. "పక్క కుట్లు నేను వదులు చేశానే తల్లీ!"

ఒకరకంగా తప్పు మాస్టారిదే. ఏం కుట్టినా లోపల బోలెడు గుడ్డ వదలడం ఆయన అలవాటు. ఎందరు విప్పి వదులు చేసినా ఇంకా మిగిలే ఉంటుంది.

ఆయన మిఠాయి పళ్ళెంలో పెట్టేశారు. కోటు విప్పి వెలుగులో తిరగేశారు. ఇది భార్య కుట్టు. ఇది అమ్మ కుట్టు. గుండీల దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. గుండీల పాత చోట సూది చిల్లులు కనిపిస్తున్నాయి. కోటు బిగిసేలా వాటిని పక్కకు జరిపి ఎవరో మళ్ళీ కుట్టారు. దారానికి ఆ పక్కముడి వేసేవాడు ఊళ్ళో ఒక్కడే.

"ఒరేయ్ బామ్మర్దీ! వాళ్ళు వదులు చేస్తే నువ్వు బిగించావట్రా?"

"అంటే... బావా... మరి నా మీసం..."

"కత్తెర తేవే. మొత్తం విప్పేసి, ముందెలా ఉందో అలాగే కుట్టండి."

"ఎందుకండీ? ఇలాగే వెళ్ళండి, ఎవరికి తెలుస్తుంది?" అంది భార్య.

"నాకు తెలుస్తుంది. ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నది దొంగకోటు వేసుకోడానికా?"

మిషను గడగడలాడింది. వీపు భార్య కుట్టింది, పక్కలు తల్లి కుట్టింది. గుండీలు బామ్మర్ది చేతే పాత చోట కుట్టించారు. మాస్టారు కోటు తొడిగారు. పై గుండీ పడింది. మధ్య గుండీ పడింది. చివరి గుండీ దగ్గర గదిలో అందరూ ఊపిరి బిగపట్టారు, ఒక్క మాస్టారు తప్ప. అదీ పడింది!

"వంగండి, చూద్దాం" అన్నాడు మందులషాపాయన. వంగారు. కూర్చుని లేచారు. కోటు ఎక్కడా లాగలేదు, ఎక్కడా జారలేదు. చప్పట్లతో ఇల్లు దద్దరిల్లింది.

"నిన్ను నమ్మనందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలిరా నాయనా!" అని తల్లి కొడుకు మొహం పట్టుకుని ఏడ్చేసింది. మాస్టారికి కూడా ఏడుపొచ్చింది, ఆనందంతో. మిఠాయిల పళ్ళెం బామ్మర్ది చేతిలో పెట్టి, "నువ్వు తినరా. నీరసం నీకొచ్చేట్టుంది" అన్నారు. వీధి వీధంతా వెంట నడుస్తుంటే ఛాతీ విరుచుకుని సభకు వెళ్ళారు.

మర్నాడు కొట్టుకు వచ్చినవాళ్ళు, మూలన కాజాలు కుడుతున్న మనిషిని ఎగాదిగా చూసి, "కొత్తాయన్ని పెట్టుకున్నారా మాస్టారూ? పాతాయన ఏమయ్యాడు?" అని అడిగారు.