మూడు గ్లాసుల తోడు

ఆ వేసవి ఉదయం సత్యప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీలో పరీక్షల పని ముగించుకుని మధ్యాహ్నానికి ఇంటికి రావాలి. ఫ్రిజ్‌లో ఉన్న మూడు స్టీలు గ్లాసులు తీసి, విశాఖపట్నం నుంచి వచ్చే ప్రొఫెసర్ గున్నేశ్వరరావు గారికి వాటిలోని సూక్ష్మజీవులను చూపించాలి. ఆయన ఊ అంటే థీసిస్ గట్టెక్కుతుంది. అనకపోతే నెలాఖరుతో గడువు తీరి, అన్నేళ్ల పనీ రాజమండ్రి ఎండలో ఆవిరైపోతుంది.

గ్లాసుల్లో ఉన్నవి మూడు జాతుల పెరుగు బాక్టీరియాలు. పెదనాన్న పిల్లలూ బాబాయి పిల్లలూ అన్నంత దగ్గర చుట్టాలు. పాలలోని చక్కెరను అరిగించుకునే జన్యువు మూడింటికీ ఒక్కటే. తరాలు గడిచేకొద్దీ మారింది జన్యువు కాదు, దాన్ని నడిపే స్విచ్చి. ఒకదాని స్విచ్చి మునిసిపాలిటీ వీధిదీపంలా పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. రెండోది పాలు కనిపించాక తీరిగ్గా లేచి వేస్తుంది. మూడోది వేరే తీపి దొరికిందంటే దాన్నే చప్పరిస్తూ కూర్చుంటుంది తప్ప పాల జోలికి రాదు. పోయినసారి ఇదంతా విని గున్నేశ్వరరావు గారు పెదవి విరిచారు.

"ఏ గ్లాసులో ఏదుందో నీకు ముందే తెలుసు కదయ్యా. నువ్వు అనుకున్నదే నీకు కనిపించిందేమో. తెలియనివాళ్లు చేసినా ఇలాగే వస్తుందని ఏంటి నమ్మకం?"

ఆ ప్రశ్నకు సమాధానం లేకుండానే నెలలు గడిచాయి. ఈలోగా కాలేజీ ఫ్రిజ్ పాడైంది. గ్లాసులకు వరసగా ఎర్ర, తెల్ల, పచ్చ చీటీలు అంటించి, ఆ సంగతి నోటుబుక్కులో రాసుకుని, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం వచ్చి ఫ్రిజ్ తెరిస్తే మూడు గ్లాసులూ పెట్టినచోటే ఉన్నాయి. కాకపోతే అద్దాల్లా మెరుస్తున్నాయి. చీటీలు లేవు. మూడింటి నిండా పరమాన్నం ఉంది. జీడిపప్పు కూడా ఒక గ్లాసుకు ఎక్కువా ఒక గ్లాసుకు తక్కువా కాకుండా పంచి ఉంది. మరో రోజైతే ఆ ఆప్యాయతకు కళ్లు చెమ్మగిల్లేవి. ఇప్పుడు ఫ్రిజ్ ముందే కూలబడ్డాడు. చల్లగాలి మొహానికి తగిలింది. ఆ కాస్త సుఖమైనా దక్కింది.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు పాపాయమ్మ గారి దగ్గర మారుతాళం ఉంటుంది. అతను కడియం నుంచి తెచ్చుకున్న గులాబీకి రోజూ ఆవిడే నీళ్లు పోస్తారు. సత్యప్రసాద్ మెట్లు దిగి గ్లాసుల సంగతి అడిగాడు.

"పిల్లి మా పెరుగు గిన్నె తన్నేసింది బాబూ. పొద్దున్నే తోడు లేకపోతే ఎలా? బుజ్జమ్మకీ, వీరవేణికీ కూడా రోజూ నేనే ఇవ్వాలాయె. మీ ఇంట్లో మూడు గ్లాసులు కనిపించాయి, తలో గ్లాసూ తీసుకున్నాం. ఖాళీ గ్లాసు తిరిగివ్వకూడదు కదా, అందుకని కాస్త పరమాన్నం పోశాను."

"చీటీలు ఏవండీ?"

"కొట్టువాడు అంటించిన చీటీలు పీకకుండానే వాడుకుంటున్నావా నాయనా? జిగురు వదలక కొబ్బరిపీచు అరిగిపోయింది."

అంతలో వీధిలో గోల మొదలైంది. పక్కింటి బుజ్జమ్మ పాలు తోడుపెట్టి, స్నానం చేసి వచ్చేసరికి గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా పేరుకున్నాయట. ఆ మాట వీధి చివరికి వెళ్లేసరికి పాలు చూస్తూ ఉండగానే పేరుకున్నాయని అయింది. ఇప్పుడు ఆవిడ గేటు ముందు గిన్నెలూ చెంబులూ పట్టుకుని జనం వరస కట్టారు. చెప్పులు బయటే విప్పమని ఎవరూ అనలేదు, కానీ అందరూ విప్పారు.

ఎదురింట్లో మెస్సు నడిపే వీరవేణి మాత్రం మండిపడుతోంది. పులుపు తెలియకూడదని పాలల్లోనే పంచదార కలిపి తోడుపెట్టడం ఆవిడ అలవాటు. ఇవాళ పెద్ద గిన్నెడు పాలూ పాలలాగే మిగిలిపోయాయి. మెస్సులో జనం చారన్నం దగ్గర ఆగి, పెరుగు కోసం విస్తళ్ల ముందు కదలకుండా కూర్చున్నారు.

"మంచి తోడు బుజ్జమ్మకిచ్చి, చచ్చిన తోడు నాకిస్తారా పిన్నిగారూ? మీకు నేనేం అన్యాయం చేశానండి?"

"ఒకే ఫ్రిజ్‌లోదేనే తల్లీ, ఒట్టు. నాదీ ఇప్పుడే తోడుకుంది, చూడు," అంటూ పాపాయమ్మ గారు తన గిన్నె తెచ్చి వీధిలో అందరికీ చూపించసాగారు.

సరిగ్గా అప్పుడే ఆటో దిగారు గున్నేశ్వరరావు గారు. చెప్పులు విప్పిన వరసనూ, పెరుగు గిన్నెలనూ, గోడకు అతుక్కుపోయిన తన శిష్యుణ్నీ చూశారు. ఏంటిదని అడిగారు. సత్యప్రసాద్ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. అబద్ధం ఆలోచించే ఓపిక అతనిలో మిగల్లేదు.

ప్రొఫెసర్ గారు మూడు గిన్నెలూ ఒకచోట పెట్టించారు. "చీటీలు లేవుగా. ఏది ఏదో చెప్పు."

అతను గిన్నెలకేసి చూశాడు.

"బుజ్జమ్మగారిది వీధిదీపం అండి, అంటే ఎర్ర చీటీ. వీరవేణిగారిది పంచదార దగ్గరే ఆగిపోయింది, అది పచ్చ. పాపాయమ్మగారిది తెల్లది."

గున్నేశ్వరరావు గారు పాపాయమ్మ గారివైపు తిరిగారు. "మీరు ఎవరికి ఏ రంగు చీటీది ఇచ్చారో గుర్తుందా అండి?"

"గుర్తులేకేం? ఎర్రది శుభం కదా అని బుజ్జమ్మకిచ్చాను. పచ్చది వీరవేణి చీరకి మ్యాచింగు. తెల్లది మిగిలితే నేనుంచుకున్నా."

"ఏమీ తెలియని ముగ్గురు, మూడిళ్లు. అయినా అదే ఫలితం," అని ప్రొఫెసర్ గారు తనలో తను అనుకున్నట్టు అన్నారు. ఆపైన భోజనానికి కూర్చుని బుజ్జమ్మ పెరుగు రెండుసార్లు వడ్డించుకున్నారు. మూడు గిన్నెల నుంచీ తలో చెంచా సత్యప్రసాద్ సీసాల్లోకి చేరింది. వీరవేణికి బుజ్జమ్మ సగం గిన్నె పెరుగు పంపింది. మెస్సులో జనం పెరుగన్నం తిని లేచి చేతులు కడుక్కున్నారు.

వెళ్లేటప్పుడు గున్నేశ్వరరావు గారు భార్య కోసం ఒక గ్లాసు తోడు అడిగి పట్టుకెళ్లారు.

వారం తిరిగేసరికి ఆ గ్లాసు పార్సిల్‌లో తిరిగొచ్చింది. ఖాళీగా రాలేదు. లోపల చుట్టి పెట్టిన కాగితం ఉంది. థీసిస్ సమర్పించవచ్చని, కింద సంతకం. సత్యప్రసాద్ కాగితమూ గ్లాసూ తీసుకుని మెట్లు రెండేసి చొప్పున దిగి, పాపాయమ్మ గారి చేతిలో పెట్టాడు.

ఆవిడ కాగితం పక్కన పెట్టి, గ్లాసును వెలుతురుకేసి పట్టుకుని చూసి, విశాఖపట్నంలో సరిగ్గా తోమలేదన్నారు.