మచ్చు చూడని సముద్రం

మైసూరు సంస్థానానికి దేవుడు బంగారం ఇచ్చాడు, గంధం ఇచ్చాడు, పట్టు ఇచ్చాడు. సముద్రం మాత్రం ఇవ్వలేదు. సృష్టిలో జరిగిన ఈ పొరపాటును సరిదిద్దే భారం 1946లో బెంగుళూరు నగర్తపేట జవళి వర్తకుల సంఘం మీద పడింది. (దేవుడు ఇందుకోసం అర్జీ ఏమీ పెట్టుకోలేదు. సంఘమే పెద్దమనసు చేసుకుంది.)

అర్జీ పెట్టుకున్నది సంఘాధ్యక్షుడు వెంకటగిరియప్పగారి తల్లి అక్కయమ్మ.

"నా కంటికి పొర కమ్ముకుంటా ఉండాది నాయనా. కోసినా చూపు నిలిచేది నమ్మకం లేదని డాక్టరు చెప్పేసినాడు. అంతలోపల ఒకతూరి సముద్రం చూడల్లని ఉండాది" అందావిడ.

"దానికేమమ్మా, చూపిస్తాను. అయితే ఏదో ఒక సముద్రం కాదు. మంచిది చూసి చూపిస్తాను" అన్నాడు కొడుకు.

మంచి కొడుకు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తల్లిని ఒక్కదాన్నే పంపితే పేటలో నలుగురూ నాలుగు మాటలంటారు కాబట్టి సంఘమంతా కలిసి వెళ్లాలని నిర్ణయమైంది. రాత్రి రైలెక్కడం, పగలంతా సముద్రం దగ్గర ఉండటం, మళ్లీ రాత్రి రైలెక్కడం. ఇక తేలవలసింది ఏ సముద్రం అన్నది ఒక్కటే. అందుకు సముద్ర నిర్ణయ ఉపసంఘం ఏర్పడింది. అందులో నేనూ ఉన్నాను. (నాకు ఈత రాదు. అదే అర్హత అన్నారు.)

నగర్తపేటలో తాతల నాటి ధర్మం ఒకటుంది: మచ్చు చూడనిదే సరుకు తీసుకోరాదు. మూర గుడ్డ ముక్క తెప్పించి, గుమ్మంలో వెలుతురుకు పట్టి, బొటనవేలితో నలిపి, పెదవి విరిచి, ఆ తర్వాతే మూట దించుకుంటారు. సముద్రానికి వేరే ధర్మం ఎందుకుంటుంది? చెన్నపట్నం, మంగళూరు, నెల్లూరు ఏజెంట్లకు ఉత్తరాలు వెళ్లాయి: తమ తమ సముద్రాల మచ్చులు, నీరు ఒక సీసా, ఇసుక ఒక పొట్లం, వెంటనే పంపవలెను.

మచ్చులు వచ్చాయి. చెన్నపట్నం సముద్రం సోడాబుడ్డిలో వచ్చింది. మంగళూరు సముద్రం బ్రాందీ సీసాలో రావడంతో, దాన్ని సభలో ఉంచవచ్చునా అని ఒక పూట చర్చ జరిగింది. నెల్లూరు సముద్రం డబ్బాలో వచ్చి తుప్పు రంగు తేలింది. రంగు వెలిసే సరుకని దాన్ని పక్కన పెట్టారు.

కార్యదర్శి మునినారాయణప్ప మిగిలిన రెండూ నాలుక మీద వేసుకుని, పెదవి విరిచాడు. "ఉప్పు జాస్తి" అన్నాడు.

అది బేరానికి తొలిమెట్టు. ఉప్పు కొంచెం తగ్గించే వీలుందేమో కనుక్కోమని చెన్నపట్నం ఏజెంటుకు రాశారు. పాపం, పాత ఖాతాదారులను కాదనలేక అతను ఇంకో సీసా పంపాడు. ఆ ఇసుక మొదటి ఇసుకకన్నా ముతకగా ఉంది. మచ్చుకూ సరుకుకూ పొంతన లేదని సభలో కలకలం రేగింది. పైగా ఎన్ని సీసాలు తెప్పించినా ఒక్కదానిలోనూ అల రాలేదు. మునినారాయణప్ప సీసాను కుదిపి చూపించబోయాడు గానీ, అది కుదిపినవాడి అల అవుతుంది తప్ప సముద్రపు అల కాదని అధ్యక్షులవారు తోసిపుచ్చారు.

ఒకనాడు అక్కయమ్మ గోడ పట్టుకుని సభకు వచ్చింది. "ఏమప్పా, తీర్మానమాయెనా?"

కొడుకు ప్రేమగా సీసా చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కళ్లకు ఆనించుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇవి నీళ్లు కదరా."

"సముద్రమేనమ్మా."

"సముద్రం ఇంతే అయితే మీరు ఇన్నాళ్లు కూచుని మాట్లాడేది ఏముండాది?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ సీసాను బల్ల మీద పెట్టబోయి, బల్ల అంచు కానక తడుముకుంటుంటే ఆ నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నిజంగా సిగ్గేసింది. అయినా మా ఉపసంఘంలో సిగ్గు కార్యక్రమ పట్టికలో లేదు గనక తర్వాతి అంశానికి వెళ్లాం.

తర్వాతి అంశం తేదీ. అంగళ్లు మూసేది అమావాస్య నాడే. ప్రయాణం కూడనిదీ అమావాస్య నాడే. అంగడి తెరిచి ఉండగా ప్రయాణం కుదరదు, మూసి ఉండగా పనికిరాదు. దీనికి పంచాంగంలో మార్గం వెతకడానికి ఇంకో ఉపసంఘం వేశారు.

ఆ వారంలోనే పక్కింటి కెంపమ్మ, కూతురి కాన్పుకు చెన్నపట్నం పోతూ, "నాతో వస్తారా అక్కా?" అంది. అక్కయమ్మ ఒక చీర మడిచి సంచిలో పెట్టుకుంది. కొడుకు అంగడి నుంచి తిరిగి వచ్చేసరికి రైలు కదిలిపోయింది.

ఆవిడ తిరిగి వచ్చాక ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"ఎట్లుండాదమ్మా?" అన్నాడు వెంకటగిరియప్ప. అధ్యక్షుడిగా అడగబోయి కొడుకుగా అడిగేశాడు.

"చెప్పేకి కాదు నాయనా. ఇంత పొర కమ్మిన కంటికి కూడా పట్టనంత ఉండాది. కాళ్ల కింద మన్ను లాక్కుని పోతా ఉంటే నేనూ కెంపమ్మా చేతులు పట్టుకుని చిన్నపిల్లోళ్ల మాదిరి నగినాము. నాకింక ఏమీ కొరత లేదు."

మునినారాయణప్ప గొంతు సవరించుకున్నాడు. "మచ్చు ఏమన్నా తెచ్చినారా?"

"చీర అంచులో ఇసుక ఉండాది. దులుపుకోపో."

తేలని సముద్రాన్ని ముందుగా చూసివచ్చినందుకు ఆవిడ మీద విచారం వెలిబుచ్చుతూ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పేటలో సముద్రం చూడాలనుకునేవారు ఇక ఎవరూ మిగలలేదు కనుక, ఉపసంఘం పని ఇప్పుడు ఏ ఆటంకమూ లేకుండా సాగుతోంది.